లెక్కలోకి రాని మనిషి

కిందటి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం వర్జీనియాలో, షాంటిలీలోని మా ఇంటికి ఒక యువ జంట వచ్చారు. గుడిలో పరిచయమైనవాళ్ళు. ఇద్దరూ హెచ్-వన్ వీసా మీద ఉద్యోగాలు చేస్తున్నారు. గ్రీన్ కార్డు వరుసలో ఎక్కడో చివర నిలబడి ఉన్నారు. నేను బిజినెస్‌లో పెట్టుబడి పెట్టి కార్డు తెచ్చుకున్నానని ఎవరో చెప్పారట.

"అక్కా, మీరు వేరేవాళ్ళు నడిపే ఫండ్‌లో పెట్టకుండా డైరెక్ట్‌గా బిజినెస్సే స్టార్ట్ చేశారంట కదా? భయమెయ్యలేదా?" అని అడిగింది ఆ అమ్మాయి.

నేను రెండు గంటలు చెప్పాను. ఏ కాగితాలు కావాలో, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా రుజువు చేయాలో, లాయర్ని ఏం అడగాలో అన్నీ చెప్పాను. ఆ అబ్బాయి ఫోన్‌లో రాసుకుంటూ కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి నా చేయి పట్టుకుని "చాలా ధైర్యం చేశారక్కా" అంది. నవ్వి తలుపు వేసుకున్నాను. ఒక మనిషి గురించి మాత్రం వాళ్ళకి చెప్పలేదు. ఇంతవరకూ బయటివాళ్ళెవరికీ చెప్పలేదు.

అప్పట్లో మేము ఆర్కెన్సాలోని బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. మావారు అక్కడి పెద్ద కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. నేను ఎం.కాం. చదివి, పెళ్ళికి ముందు విజయవాడలో ఒక ఆడిటర్ దగ్గర మూడేళ్ళు పని చేశాను. ఈ దేశం వచ్చాక నా వీసా మీద పని చేసే వీలు లేదు. పదకొండేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఏ ఫారం నింపినా నా పేరు పక్కన 'డిపెండెంట్' అని ఉండేది. మొదట్లో అది వీసా పేరులే అనుకునేదాన్ని. కొన్నేళ్ళకి అది నా పేరే అన్నట్టు అలవాటైపోయింది.

మా అమ్మాయి నాలుగేళ్ళప్పుడు మాతో వచ్చింది. పదిహేనో ఏట, ఒక రోజు బడి నుంచి వచ్చి బ్యాగ్ కింద పడేసి నిలబడింది.

"అమ్మా, ట్వంటీ వన్ వస్తే నేను మీ ఫైల్‌లో ఉండనంట. అయితే నన్ను ఇండియా పంపించేస్తారా? నాకు అక్కడ ఎవరు తెలుసు?"

దాని ఫ్రెండ్ అక్కకి అలాగే జరిగిందట. ఆ రోజు నేనూ మావారూ సరిగ్గా భోజనం చేయలేదు. మాకు తెలియని సంగతి కాదు. కానీ అది దాని నోటి నుంచి వచ్చేదాకా ఇంకా టైముంది అనుకుంటూ వచ్చాం.

పెట్టుబడి ఆలోచన మావారిదే. అప్పటికి కొత్తగా నాలాంటివాళ్ళకి పని చేసుకునే అనుమతి వచ్చింది.

"నీ పేరు మీద పెడదాం. నేను జాబ్ మానేస్తే వీసా పోతుంది. నువ్వైతే రోజంతా బిజినెస్ చూసుకోవచ్చు. నీ కింద నేనూ పాపా వస్తాం."

"నా కింద మీరా?" అన్నాను.

"అవును. ఈసారి నేను డిపెండెంట్‌ని" అని నవ్వారు.

లాయరు పంపిన ఫారంలో మొదటి గడిలో నా పేరు టైపు చేసి ఉంది. మావారి పేరు, అమ్మాయి పేరు కింద ఉన్నాయి. ఆ పేజీని ఎంతసేపు చూశానో నాకే తెలియదు. మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం అమ్మాం. మావారు దాచినదంతా తీశాం. నాన్న పాత లింకు డాక్యుమెంట్లు, బ్యాంకు పాసుబుక్కులు వెతికి రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగి పంపించారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "నీ పేరు మీద జరుగుతోంది కదమ్మా, తిరుగుతాలే" అనేవారు.

ఏం వ్యాపారం అన్నదానికి జవాబు ఒక గుజరాతీ ఆవిడ నుంచి వచ్చింది. ఆవిడ బెంటన్‌విల్‌లో హోటల్ నడిపేది. పెద్ద కంపెనీకి సరుకులు అమ్ముకోవడానికి దేశం నలుమూలల నుంచీ మనుషులు వస్తారు కాబట్టి అక్కడి హోటళ్ళు వారమంతా నిండి ఉంటాయి. కానీ దుప్పట్లు ఉతకడానికి రెండు గంటల దూరం ట్రక్కులో వెళ్ళి రావాలి. "ఒక్కోసారి టైముకి రావు. కస్టమర్ నిలబడి ఉంటాడు, మంచం మీద దుప్పటి ఉండదు" అని ఆవిడ వాపోయింది. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. ముప్పావు గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో, కోళ్ళ ఫారాలకి సామాన్లు అమ్మే పాత గోడౌను ఖాళీగా ఉంటే అద్దెకి తీసుకుని లాండ్రీ పెట్టాను.

షరతు ఒక్కటే. ఆ వ్యాపారం వల్ల ఈ దేశంలో పదిమందికి పూర్తిస్థాయి ఉద్యోగాలు రావాలి. ఆ పదిమందీ ఎలాంటివాళ్ళు అయి ఉండాలో లాయరు మొదటి రోజే చెప్పాడు. నా చెవిలో పది అన్న అంకె ఒక్కటే పడింది.

మొదట చేరింది ఒక అరవై ఏళ్ళ అమెరికన్ ఆవిడ. ఆ ఊళ్ళో మూతపడ్డ బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పని చేసింది. మడతల బల్ల ఆవిడ రాజ్యం. అందరినీ 'హనీ' అని పిలిచేది, నన్ను కూడా. మేమంతా ఆవిణ్ణి పెద్దావిడగానే చూసేవాళ్ళం.

రెండో రోజు చేరినావిడ గురించే నేను చెప్పాలనుకున్నది. ఆవిడది మార్షల్ దీవులు. పసిఫిక్ సముద్రం మధ్యలో, ఒకప్పుడు అమెరికా అణుబాంబులు పరీక్షించిన దీవులు అవి. ఒప్పందం ప్రకారం అక్కడివాళ్ళు వీసా లేకుండా ఇక్కడికి వచ్చి పని చేసుకోవచ్చు. మా పక్కనున్న స్ప్రింగ్‌డేల్‌లో వేలమంది ఉంటారు, చాలామంది కోళ్ళ ఫ్యాక్టరీల్లో పని చేస్తారు. ఆవిడ కూడా తొమ్మిదేళ్ళు కోడి మాంసం కోసి, వేళ్ళు వంగక మానేసి వచ్చింది. నా కంటే రెండేళ్ళు పెద్ద. పాదాల దాకా పూల గౌను, జడలో దువ్వెన. మాట తక్కువ.

మొదటి వారంలోనే ఒక యంత్రం మొరాయించింది. దాని దగ్గర గంటసేపు మాన్యువల్ పట్టుకుని కుస్తీ పడుతున్నాను. ఆవిడ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించి విని, వెనక పైపులో ఇరుక్కున్న పిల్లల సాక్సు లాగి నా చేతిలో పెట్టింది. ఇద్దరం నవ్వాం. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం ఇద్దరం కలిసే తినేవాళ్ళం. నా పులిహోర ఆవిడకి నచ్చింది. ఆవిడ తెచ్చే కొబ్బరి అన్నపు ఉండలు నాకు నచ్చాయి. చుట్టూ ఎలాస్టిక్ ఉన్న దుప్పటిని కాగితంలా నలుచదరంగా మడవడం నాకు నేర్పింది ఆవిడే. వేసవి సెలవుల్లో మా అమ్మాయి వచ్చి ఆఫీసులో కూర్చునేది. ఆవిణ్ణి ఆంటీ అని పిలిచేది.

ఏడాది గడిచాక ఉద్యోగుల కాగితాలన్నీ స్కాన్ చేసి లాయరుకి పంపాను. మర్నాడే ఫోను చేశాడు.

"మీకు పదిమంది లేరు, తొమ్మిదిమందే" అన్నాడు.

"పదిమందికీ జీతాలిస్తున్నాను కదా."

"మార్షల్ దీవుల ఆవిడ లెక్కలోకి రాదు. పౌరులో, శాశ్వత నివాసులో, శరణార్థులో అయి ఉండాలి. ఆవిడ ఇక్కడ ఎంతకాలమైనా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. కానీ చట్టం దృష్టిలో వలస వచ్చిన మనిషి కాదు."

వెంటనే ఇంకొకరిని తీసుకున్నాను. పదకొండుమంది అయ్యారు. పని బోలెడంత ఉంది కాబట్టి నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అనుకున్నాను.

ఆవిడ మనవరాలి మొదటి పుట్టినరోజుకి మమ్మల్ని పిలిచింది. వెళ్ళాక తెలిసింది, అది వాళ్ళకి పెళ్ళి కంటే పెద్ద వేడుకని. చర్చి హాలు నిండా నాలుగు వందల మంది ఉన్నారు. పాటలు, డాన్సులు, పళ్ళేల నిండా చేపలు. ఒకప్పుడు వాళ్ళ దీవుల్లో పసిపిల్లలు ఏడాది నిండేదాకా బతుకుతారన్న నమ్మకం ఉండేది కాదట. అందుకే ఏడాది నిండితే ఊరంతా పండగట. ఆవిడ భర్త బక్కపల్చటి మనిషి, చిన్న గిటారులాంటి ఉకులేలే వాయిస్తూ మా బల్ల దగ్గరికి వచ్చి మావారి చేత కూడా చప్పట్లు కొట్టించాడు. మావారు చప్పట్లు కొట్టడం నేను చూసింది ఆ రోజే.

ఆ రోజే ఆవిడ నన్ను అడిగింది. "మీ ఆయనకి ఉద్యోగం ఉంది. మీరెందుకు ఇంత కష్టపడతారు?"

మా అమ్మాయి సంగతి, కార్డు సంగతి చెప్పాను. శ్రద్ధగా వింది.

"మాకు కార్డు ఉండదు. అయినా ఉంటున్నాం" అంది. తర్వాత, "మీ అమ్మాయి పేరు రాసివ్వండి, ఆదివారం ప్రార్థనలో చదివిస్తాను" అంది. కాగితం మీద రాసిచ్చాను. ఆ పేరు వాళ్ళ చర్చిలో ఏడాదిన్నరపాటు ప్రతి ఆదివారం చదివారని పెద్దావిడ తర్వాత చెప్పింది.

రెండేళ్ళ షరతు మీద మా మొదటి కార్డులు వచ్చాయి. మా అమ్మాయికి పద్దెనిమిది నిండి కాలేజీలో చేరింది. ఇంకో రెండేళ్ళు ఆ పదిమందినీ అలాగే నిలబెట్టుకుంటే షరతు తీసేసి శాశ్వత కార్డు ఇస్తారు. లాండ్రీలో అందరూ కేకు కోయించారు. ఆవిడ చిన్న గవ్వల హారం అల్లి తెచ్చి మా అమ్మాయి మెడలో వేసింది.

ఏడాది తిరిగేసరికి కరోనా వచ్చింది.

హోటళ్ళు ఒక్క వారంలో ఖాళీ అయిపోయాయి. ట్రక్కు ఖాళీగా వెళ్ళి ఖాళీగా వచ్చేది. యంత్రాల చప్పుడు ఆగిపోయిన గోడౌనులో మాట్లాడితే నా గొంతే నాకు వినిపించేది. మావారు ఇంటి నుంచే పని చేస్తూ రోజూ అదే అడిగేవారు.

"ఎంతమందిని తగ్గించగలవు?"

"పదికి తగ్గకూడదన్నాడు లాయరు."

"మరి పదకొండుమంది ఉన్నారు కదా?"

నేను జీతాల లెక్క మూసేసి లేచాను. ఆయన ఆ మాట రెట్టించలేదు. రెట్టించి ఉంటే ఇవాళ ఆయన మీదికి నెట్టేసేదాన్ని. అలా వీల్లేదు. ఆ నిర్ణయం నాదే.

నిజంగా చూస్తే ఆవిణ్ణి ఉంచుకోవచ్చు. నేను జీతం తీసుకోవడం మానేశాను. మావారి జీతంలోంచి సర్దుతున్నాం. ఇంకొక్క జీతం భరించలేమా అంటే, కష్టమే కానీ భరించగలిగేవాళ్ళమే. కానీ అప్పుడు నా బుర్రంతా భయం. ఇది ఏడాది సాగితే ఏం చేయాలి, రెండేళ్ళు సాగితే ఏం చేయాలి, డబ్బంతా అయిపోయి పదిమందిని కూడా నిలబెట్టలేకపోతే పాప గతేమిటి. ఈ ఆలోచనల్లో తొమ్మిదిమంది పౌరులు, ఒక శాశ్వత నివాసి కాపాడుకోవాల్సినవాళ్ళుగా కనిపించారు. ఆవిడ అలా కనిపించలేదు. ఆ పదిమందిలో ఇద్దరు వారానికి ఒకరోజైనా ఆలస్యంగా వచ్చేవాళ్ళు. ఒకతను దిండు గలీబులు కూడా సరిగా మడవలేడు. వాళ్ళు ఉన్నారు.

ఆవిణ్ణి ఆఫీసులోకి పిలిచాను. ఇద్దరికీ మాస్కులు. బల్లకి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చట్టంలో ఇలా ఉంది, నా కూతురి కోసం ఇలా చేయాల్సి వస్తోంది, మళ్ళీ తీసుకుంటానో లేదో తెలియదు అని చెప్పాల్సింది. నేను వేరే మాట చెప్పాను.

"హోటళ్ళు మూసేశారు కదా. ఒక్క నెల ఆగండి. తెరవగానే మొదటి ఫోను మీకే చేస్తాను."

"మిగతావాళ్ళు?" అని అడిగింది.

"వాళ్ళని కూడా ఒక్కొక్కరిని ఆపుతాను" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

"మీరు ఫోన్ చేస్తానన్నారు కదా. చాలు" అని లేచింది. లాకరులోంచి టిఫిన్ డబ్బా, లోపల వేసుకునే చెప్పులు సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ మడతల బల్ల మీద ఎవరో సగంలో వదిలేసిన దుప్పటి మడిచి పెట్టి వెళ్ళింది.

కాలేజీ మూసేయడంతో మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. వారం తర్వాత లాండ్రీకి వచ్చి చుట్టూ చూసింది.

"ఆంటీ ఏది?"

చెప్పాను. అబద్ధం చెప్పకుండా దానికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఆంటీ ఫస్ట్ నుంచి ఉంది కదమ్మా. దట్స్ నాట్ ఫెయిర్."

"నీ కోసమే కదే చేసింది."

"ప్లీజ్ అమ్మా. నా కోసం అని చెప్పకు. నేను అడగలేదు."

కారులో ఇంటికి వచ్చేదాకా అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే కూర్చుంది.

చిన్న వ్యాపారాలు జీతాలు ఇచ్చుకోవడానికి ప్రభుత్వం అప్పు ఇచ్చింది. మాకు కూడా వచ్చింది. అప్పుడైనా ఆవిణ్ణి పిలిచి ఉండొచ్చు. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆ డబ్బు అయిపోయాక మళ్ళీ తీసేయాల్సి వస్తే రెండోసారి ఏ మొహంతో చెప్పను అనిపించింది. ఇంకో నెల చూద్దాం అనుకున్నాను. ఆ నెల తర్వాత ఇంకో నెల.

జూలైలో ఒక పొద్దున్న పెద్దావిడ మాస్కు కిందికి లాగి నా ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"హనీ, నీకు తెలిసిందా? మన దీవులావిడ భర్త పోయాడు."

ఆవిడ మళ్ళీ కోళ్ళ ఫ్యాక్టరీలో చేరిందట. అక్కడ భుజం భుజం రాసుకుని నిలబడి కోయాలి. మొదట ఆవిడకి కరోనా వచ్చింది, ఆవిడ నుంచి ఇంట్లోవాళ్ళకి. ఆవిడ లేచి తిరిగింది. భర్త పదహారు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ఆ వేసవిలో వాళ్ళవాళ్ళు చాలామంది అలా పోయారు. రోజూ వార్తల్లో వింటూనే ఉన్నాను. వింటున్నప్పుడు ఆవిడ గుర్తొచ్చేది, వెంటనే వేరే పనిలో పడేదాన్ని.

అంత్యక్రియల రోజు వాళ్ళ చర్చికి వెళ్ళాను. లోపలికి కొద్దిమందినే రానిస్తున్నారు. మిగతావాళ్ళు పార్కింగ్ లాట్‌లో ఎండలో దూరం దూరంగా నిలబడి పాడుతున్నారు. నేను కారు దిగలేదు. పువ్వులు పక్క సీటులో ఉన్నాయి. పాట అయిపోయాక అద్దాలు దించకుండానే కారు తిప్పుకుని వచ్చేశాను. జబ్బు భయంతో దిగలేదని మావారితో చెప్పాను.

శరదృతువుకి హోటళ్ళు మెల్లగా కోలుకున్నాయి. క్రిస్మస్ ముందు మా వాళ్ళంతా గోడౌను వెనక ఎవరింటి నుంచి వాళ్ళు వంటలు తెచ్చి భోజనం ఏర్పాటు చేశారు. పెద్దావిడ పీకాన్ గింజలతో 'పై' అనే తీపి వంటకం చేసి తెచ్చింది. పదిమందీ సంతకాలు పెట్టిన గ్రీటింగ్ కార్డు ఇచ్చి, నిలబడి మాట్లాడింది.

"ఈ ఊళ్ళో ఫ్యాక్టరీలు మూసినవాళ్ళని చాలామందిని చూశాను. గిరాకీ లేకపోయినా జీతాలిచ్చినావిణ్ణి ఈవిడనే చూశాను. ఒక్కరిని కూడా తీసేయలేదు." ఆ మాట దగ్గర ఆగి నా వైపు చూసింది. "దాదాపు ఒక్కరిని కూడా" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. కొందరి కళ్ళల్లో నీళ్ళు. వాళ్ళు నన్ను మంచిదాన్ననుకున్నారు. వాళ్ళ ఉద్యోగాలు నిలబడ్డది నా మంచితనం వల్ల కాదని నేను ఒక్కదాన్నే ఎరుగుదును. ఆ కార్డు తీసుకుని, థాంక్స్ చెప్పి, ఆవిడ చేసిన తీపి ఒక ముక్క తిన్నాను.

షరతులు తీసేయమని పెట్టిన దరఖాస్తు రెండేళ్ళకి పైగా నానింది. చివరికి ఒక మామూలు మధ్యాహ్నం పోస్టులో మూడు కవర్లు వచ్చాయి. పదేళ్ళ కార్డులు. మా అమ్మాయి అప్పటికి వేరే రాష్ట్రంలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. ఫోన్ చేసి చెబితే "ఓకే అమ్మా, గుడ్" అంది. సంతోషం లేక కాదు. మా ఇద్దరి మధ్య ఆ విషయం వచ్చినప్పుడల్లా అది అంతకంటే మాట్లాడదు.

ఇక మావారిని కాంట్రాక్టుకి కట్టిపడేసేది ఏమీ లేదు. వర్జీనియాలో మంచి ఉద్యోగం వచ్చింది. లాండ్రీ అమ్మేద్దామన్నారు. వద్దనే హక్కు నాకుంది, వ్యాపారం నా పేరు మీదిది. యంత్రాలు ఏ చప్పుడుకి ఏం అడుగుతున్నాయో నాకు తెలిసిపోయే రోజులవి. అంత ఇష్టంగా చేసిన పని నా జీవితంలో ఇంకోటి లేదు. కానీ రోజూ ఆ ఆఫీసు గదిలో, ఆ బల్లకి ఈ చివర కూర్చోవడం నాకు కష్టంగా ఉండేది. సరేనన్నాను. వేరే రాష్ట్రం నుంచి ఒక కంపెనీ కొనడానికి వచ్చింది. "అందరినీ ఉంచుతాం" అన్నాడు వాళ్ళ మనిషి. కాగితం మీద రాయమని నేను అడగలేదు.

ఊరు వదిలే ముందు స్ప్రింగ్‌డేల్ వెళ్ళాను. ఆవిడ అపార్టుమెంటు బయట మెట్ల మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి లేచి, లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. మెట్టు మీద పక్కనే కూర్చున్నాను. నాలుగేళ్ళుగా మనసులో సర్దుకున్న మాటలేవీ ఆ వరుసలో రాలేదు. చట్టం, పదిమంది లెక్క, పాప వయసు, నేను చెప్పిన అబద్ధం, అన్నీ ముందు వెనకలుగా చెప్పేశాను. క్షమించమని అడిగాను.

ఆవిడ వీధి వైపు చూస్తూ వింది.

"ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే అర్థం చేసుకునేదాన్ని" అంది. "వాషింగ్టన్ రాష్ట్రంలో మా చెల్లెలు ఉంది. అప్పుడు మా ఇద్దరినీ వచ్చేయమంది. దాని ఇంట్లో గది ఉంది, ఆపిల్ తోటలో పని ఉంది. మా ఆయన వెళ్దామన్నాడు. నేనే వద్దన్నాను. మీరు ఫోన్ చేస్తానన్నారు కదా అని. రెండు నెలలు చూసి, చేతిలో ఏమీ లేక ఫ్యాక్టరీకి వెళ్ళాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. వెళ్దామన్న మనిషిని తనే ఆపానని నాలుగేళ్ళుగా ఆవిడ తనని తాను తప్పుపట్టుకుంటోంది. నేను మోయాల్సిన బరువు ఆవిడ మోస్తోంది.

"తప్పు మీది కాదు" అన్నాను.

ఆవిడ "కార్డు వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది."

"మీ అమ్మాయికి?"

"దానికీ వచ్చింది."

"మంచిది" అంది. గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఇంకొంచెంసేపు మెట్ల మీద కూర్చుని, వచ్చేశాను.

మేము షాంటిలీ వచ్చిన ఎనిమిది నెలలకి పెద్దావిడ ఫోన్ చేసింది. కొత్త కంపెనీవాళ్ళు యంత్రాలు విప్పి వేరే ఊరికి తరలించేశారట. పదిమందికీ రెండు వారాల జీతం ఇచ్చి పంపేశారట.

"హనీ, ఒక్క మాట అడుగుతాను. ఇలా చేస్తారని నీకు తెలుసా?"

"తెలియదు" అన్నాను. అడిగితే తెలిసేది. అడగలేదు కాబట్టి తెలియదు. ఆ రెండో మాట కూడా ఆవిడతో అన్నాను.

ఆవిడ, వాళ్ళ వీధిలో ఒక స్కూలు వంటగదిలో పని దొరికేలా ఉందనీ, మోకాళ్ళు నొప్పులు తగ్గలేదనీ చెప్పి పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. పండగలకి నేను మెసేజ్ పెడితే రెండు రోజులకి 'థాంక్యూ' అని వస్తుంది.

చట్టప్రకారం మేము తప్పేమీ చేయలేదంటారు మావారు. నిజమే. లాయరు కూడా మా ఫైలు చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడు. ఇక్కడ ఇల్లు పెద్దది, చుట్టూ మనవాళ్ళే. ఏ పనైనా చేసుకునే హక్కు ఇప్పుడు నాకుంది. రెండు చోట్ల ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టాను. ఇంటర్వ్యూలో "మీ కింద ఎంతమంది పని చేసేవారు?" అని అడుగుతారు. ఆవిణ్ణి కూడా లెక్కేసి పదకొండుమంది అని చెబుతున్నాను. ఆ ఒక్క మాటైనా ఆవిడ అక్కడ ఉన్న రోజుల్లో, ఆవిడ వినేలా చెప్పి ఉండాల్సింది.